ఒక్క డబ్బా, రెండు పాళీలు

పద్మారాణి కట్టుకున్నవాడి నోట్లో తన చేత్తో గోలీ వేసి, గ్లాసెడు నీళ్ళు తాగించి, "ఆ... నోరు తెరువు, నాలుక లేపు" అని పరీక్ష చేసే దాకా వెళ్ళిందంటే ఊరికే వెళ్ళలేదు. ఆ ఏడు, అంటే కరోనా వచ్చిన రెండో ఏడు, ఫిబ్రవరిలో గంగారాంకు చేసిన రక్తపరీక్షలో వైరల్ లోడ్ వేలల్లోకి ఎక్కి కూర్చుంది. అంతకుముందు ఏటా అదే పరీక్ష చేస్తే రక్తంలో వైరస్ ఆచూకీ దొరికేది కాదు. హెచ్‌ఐవీ మందులు వాడే మనిషికి ఇలా ఎందుకవుతుంది? సరిగ్గా వాడకపోతే అవుతుంది. ఆ మందులిచ్చే సెంటర్లో అందరూ అదే అనుకున్నారు. అందరికంటే ముందు పద్మారాణి అనుకుంది.

గంగారాంది జగిత్యాల పక్క పల్లె. పెళ్ళికి ముందే సూరత్ వచ్చి లింబాయత్‌లో సాంచాల పనిలో పడ్డాడు. బయటివాళ్ళు పవర్‌లూమ్ అనేదాన్ని మనవాళ్ళు సాంచా అంటారు, షిఫ్టును పాళీ అంటారు. జబ్బు సంగతి బయటపడి అప్పటికి అయిదేళ్ళు. అది ఎక్కడ అంటింది, ఎలా అంటింది అన్న కొట్లాట ఆ ఏడాదే పడ్డారు, ఆ ఏడాదే ముగించారు. పద్మారాణికీ, బిడ్డ రుచితకూ పరీక్ష చేస్తే లేదని తేలింది. ఆ రోజు ఆమె ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుని తనివితీరా ఏడ్చి, లేచి కొంగు దులుపుకుని, "ఇగ నడువు, గోలీలు తెచ్చుకుందాం" అంది. రాత్రి పడుకునే ముందు ఒక్క గోలీ. ఆ ఒక్క గోలీ మీదే ఇల్లు నిలబడింది.

సెంటర్లో మందుల గురించి నచ్చజెప్పే సంధ్య లింబాయత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ళ నాన్నది సిరిసిల్ల. తెలుగులో మొదలుపెట్టిన మాట హిందీలో తేలేది.

"అంకుల్, సచ్ బోలో. గోలీలు మిస్ అయితున్నయా? నేనేమనను, బస్ సచ్ బోలో."

"లేదమ్మా. దినాం ఏసుకుంటున్న."

"రాత్ పాళీ ఉన్నప్పుడు?"

"అప్పుడు పొద్దుగాల ఇంటికొచ్చి పండేముందు ఏసుకుంట."

సంధ్య ఆయన ముఖం చూసింది. ఆయన నేల చూశాడు. మొగుడు నేల చూపులు చూస్తే లోపల ఏదో దాస్తున్నాడని పద్మారాణికి తెలుసు. మూడు నెలలు తప్పకుండా వాడి మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు. గేటు దాటీ దాటగానే ఆమె తగులుకుంది.

"ఏందయ్యా, సావాలనుందా? ఉంటే చెప్పు, నేనూ రుచితా ముందుగాలనే ఏడ్చి తయారుంటం."

"గట్లేం లేదే."

"మరి ఎట్లున్నది?"

గంగారాం ముందుకు నడిచి ఆటో ఆపాడు. ఇక అదే రాత్రినుంచి గోలీ వేసే పని తన చేతికి తీసుకుంది. ఏప్రిల్లో కరోనా రెండోసారి విరుచుకుపడింది. గల్లీలో అంబులెన్సు సైరను వినపడని రోజు లేదు. తలుపులు మూసుకుని అందరూ ఊపిరి బిగబట్టుకున్న ఆ రోజుల్లోనూ పద్మారాణి గోలీ తప్పించలేదు. దిన్ పాళీ వారం రాత్రిపూట, రాత్ పాళీ వారం పొద్దున, ఆయన పక్కమీద కూర్చోగానే ఎదురుగా నిలబడేది. మీసాలు నెరుస్తున్న మనిషి బడిపిల్లాడిలా నోరు తెరిచేవాడు. రుచిత పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వేది.

జూన్‌లో మళ్ళీ రక్తం ఇచ్చారు. లోడ్ దిగలేదు సరికదా, ఇంకో మెట్టు ఎక్కింది.

సెంటర్లో డాక్టరమ్మ గుజరాతీ ఆమె. ముఖానికి ప్లాస్టిక్ అద్దం, దాని వెనక మాస్కు, ఆ వెనకనుంచి అలసిపోయిన గొంతు. "గంగారాంభాయ్, గోలీ..." అని మొదలుపెట్టిందో లేదో పద్మారాణి కుర్చీలోంచి లేచింది.

"మేడం, మైనే ఖిలాయా! ఇస్ హాత్ సే ఖిలాయా!" అని చెయ్యి చాపి చూపించింది. ఆమెకొచ్చిన హిందీ అంతటితో అయిపోయింది. సంధ్య వైపు తిరిగింది. "చెప్పు బిడ్డా మేడంకు. నా చేత్తోని ఏసిన, నాలుక లేపిచ్చి చూసిన. ఇగ ఈయన ఏసుకుంటలేడని ఎవలన్న అంటే నన్ను అన్నట్టే."

నాలుగు నెలల కిందట మొగుణ్ణి బోనెక్కించినామె ఇప్పుడు ఆయన తరఫున సాక్షి. గంగారాం తలెత్తి పెళ్ళాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. పద్మారాణి చేతినీ, ముఖాన్నీ చూసింది. తర్వాత నెమ్మదిగా ఏదో చెప్పింది. సంధ్య తెలుగులో చెప్పింది.

"ఆంటీ, మేడం మీ మాట నమ్ముతున్నరు. మనిషిల తప్పు లేకపోతే మందే పనిచేస్తలేదన్నట్టు. వైరసే మారిందేమో చూడాలె అంటున్నరు."

నమ్ముతున్నరు అన్న మాట దగ్గరే పద్మారాణి కళ్ళు తడిశాయి. బయట లైను గేటు దాకా ఉంది. అంత తొక్కిసలాటలో, అంత చదువుకున్న మనిషి, బొబ్బిన్లకు దారం చుట్టుకుని బతికే ఆడదాని చెయ్యి చూసి నమ్మింది. ఆ రుణం ఎలా తీరుతుందో ఆమెకు తెలియలేదు. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది, అంతే.

గంగారాం రక్తాన్ని పెద్ద ల్యాబుకు పంపారు. వైరస్ జన్యువు ఎలా ఉందో చదివే పరీక్ష అది. జవాబు రాఖీ పండగ ముందు వచ్చింది. వైరస్ నిజంగానే మారింది.

"ఇది దినాం తన కాపీలు తాను తీస్కుంటది ఆంటీ," అని సంధ్య విడమరిచింది. "జెరాక్స్ లెక్క. కానీ మంచిగ తియ్యరాదు, ప్రతి కాపీల ఏదో గల్తీ. శానా గల్తీలకు అదే సస్తది. ఒక్కోపారి ఒక గల్తీ దానికే ఫాయిదా అయితది, మందు పట్టు దొరకకుండ తప్పించుకుంటది. ఇగ ఆ కాపీలే పెరుగుతయి."

గంగారాం గాల్లో సాంచా నడిపినట్టు చెయ్యి ఆడించాడు. "పోగు తెగినంక సాంచా ఆపకపోతే బట్టంత అదే ఐబు, అదే లోపం నడుస్తది. గట్లనా?"

"బరాబర్ గట్లనే అంకుల్."

డాక్టరమ్మ ఇంకొక మాట అడిగింది. ఆ గోలీలో మూడు మందులున్నాయి. రోజూ వేసుకుంటే మూడూ కలిసి కాపలా కాస్తాయి. ఆగి ఆగి వేసుకుంటే రెండు ముందుగా దిగిపోయి ఒక్కటే మిగులుతుంది. ఆ ఒక్కదాన్ని దాటడం వైరస్ నేర్చుకుంటుంది. ఎప్పుడైనా అలా అయిందా?

గంగారాం మళ్ళీ నేల చూశాడు. "లాక్‌డౌన్ల జర అటూ ఇటూ అయింది."

డాక్టరమ్మ కోప్పడలేదు. ఈ వైరస్‌కు ఇంకా అంతుపట్టని మందు ఒకటి వచ్చిందని, భయం లేదని, మళ్ళీ చేయిజారనివ్వొద్దని మాత్రం చెప్పింది. కోప్పడే పని ఇంటికొచ్చాక పద్మారాణి చూసుకుంది. లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఆమె, రుచిత ఊళ్ళో ఉన్నారు. అక్క కొడుకు పెళ్ళికి వెళ్ళి, బండ్లు బందై, దసరా ముందు గానీ తిరిగి రాలేకపోయారు.

"పనిలేకపాయె, పాటలేకపాయె. ఇంట్ల ఒక్కనివే కూసున్నవ్. గోలీ ఏసుకునుడు గూడ బరువైందా?"

కొత్త గోలీ చేతిలో పెడితే గంగారాం బుద్ధిగా మింగి, చెప్పకుండానే నాలుక ఎత్తి చూపించాడు. కోపంలో ఉన్న మనిషికి అంతకంటే ఒళ్ళుమండే పని ఇంకోటి లేదు.

రాఖీ నాడు వెంకటయ్య పెళ్ళాం మంగతో వచ్చాడు. వెంకటయ్య గంగారాంకు జోడీదారు. అవే సాంచాలను ఇద్దరూ చెరో పన్నెండు గంటలు నడిపేవారు. ఒకడు వచ్చేసరికి ఇంకొకడు వెళ్ళేవాడు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా, సాంచాలు నడిచినన్నాళ్ళూ కలిసి కూర్చుని తిన్న పూట లేదు. మొదటి లాక్‌డౌన్‌లో స్పెషల్ రైల్లో ఊరెళ్ళిపోయిన వెంకటయ్య, ఈమధ్యే పెళ్ళాన్ని కూడా తీసుకుని తిరిగొచ్చాడు. మంగ కొత్త మనిషే అయినా కొత్త లేదు. ఊరి పసుపు మూట పద్మారాణి చేతిలో పెట్టి, "వదినె, మా చేనుదే" అంది. గంగారాం చేతికి రాఖీ కట్టి నుదుట బొట్టు పెట్టింది.

గంగారాం చాలా రోజులకు నవ్వాడు. "ఇగ నిన్ను తమ్మీ అనరాదురా ఎంకటయ్య, బావా అనాలె. మా ఇంటామెకేమో నువ్వు తోడబుట్టినోని లెక్క."

మంగ వంగి ఆయన కాళ్ళకు మొక్కింది. "నీ సగం గోలీలు మా ఆయనకు పెట్టకపోతే నా బొట్టు ఉండకపోవు అన్నా. నీ పేరు చెప్పి దినాం దీపం పెడుతున్న."

చాయ్ తెస్తున్న పద్మారాణి గడపలోనే ఆగిపోయింది.

"సగం గోలీలేంది?"

గంగారాం కళ్ళతో వద్దంటున్నా, ఆమెకు తెలిసే ఉంటుందనుకున్న వెంకటయ్య చెప్పేశాడు. "నాకూ గదే బీమారి వదినె. నా ఫైలు కరీంనగర్ సెంటర్ల ఉండె, గోలీలు ఆడ్నించే తెచ్చుకునేటోన్ని. లాక్‌డౌన్ల ఒడిసినయి. ఈడి సెంటర్ల అడుగుదాం రమ్మని అన్న ఎన్నోపార్లు అన్నడు. మనోళ్ళు ఎవలన్న చూస్తరని నేనే పోలే. అప్పుడు అన్న తన డబ్బా నడుమ పెట్టిండు. సాంచాకు ఇద్దరం ఉన్నట్టే గోలీకి ఇద్దరం అయినం. ఒక దినం అన్న పాళీ, ఒక దినం నా పాళీ. రైలెక్కేదాక గట్లనే నడిచింది."

సాంచా అయితే మనిషి మారినా ఆగదు. అందుకే వాళ్ళకు ఆ లెక్క తోచింది. గోలీ సాంచా కాదని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు.

"ఊరికి పోయినంక పరీక్ష చేపిచ్చుకున్నవా?" అంది పద్మారాణి. గొంతు మామూలుగానే ఉంది.

"చేపిచ్చుకున్న వదినె. అంతా మంచిగున్నదన్నరు."

"నీది మంచిగనే ఉంటది. మా ఆయనదే ఖరాబైంది. ఎరుకేనా? నీకిచ్చి ఇచ్చి ఆయన రోగం ముదిరింది. గోలీలు పనిచేస్తలెవ్వు. మా ఆయన పానంల సగం తిని, ఇయ్యాల పెండ్లాంతోని రాఖీ కట్టిస్తున్నవా? దారం కడితే సుట్టరికం అయితదా?"

వెంకటయ్యకు ఆ సంగతి తెలియదు. గంగారాం అతనికి చెప్పలేదు. అతను లేచి నిలబడ్డాడు. గంగారాం వైపు చూసి, "అన్నా, నాదెందుకు మారలే? నీదే ఎందుకు మారింది?" అన్నాడు. తర్వాత మంగ చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయాడు. చాయ్ కప్పులు అలాగే ఉన్నాయి.

"నేనిచ్చిన. ఆడు అడగలే," అన్నాడు గంగారాం.

వారం తిరక్కుండానే వెంకటయ్య లింబాయత్ వదిలి పల్సానా దగ్గరి జోల్వాలో పనికి కుదిరాడు. గంగారాంకు ఇంకో జోడీదారు వచ్చాడు. పసుపు మూటను పద్మారాణి అటక మీదికి తోసేసింది. పారేయడానికి చేతులు రాలేదు.

తర్వాతిసారి సెంటరుకు వెళ్ళినప్పుడు ఆమె వెంకటయ్య పేరు చెప్పకుండా అడిగింది. ఒక్క డబ్బాలో గోలీలే ఇద్దరూ ఒక్కలాగే వేసుకుంటే ఒకడి వైరస్ మారి ఇంకొకడిది మారకపోవడం ఏం న్యాయం?

డాక్టరమ్మ చెప్పింది: డబ్బా ఒక్కటే అయినా ఒళ్ళు రెండు, వైరస్‌లు రెండు. ఎవరి ఒంట్లో ఏ కాపీలో ఏ తప్పు పడుతుందో వైరస్‌కే తెలియదు. ఒకరిది మారి ఇంకొకరిది మారకపోవచ్చు. ఇద్దరివీ మారొచ్చు.

"అంటే తప్పు ఎవలది?"

"వైరస్‌ది ఆంటీ," అంది సంధ్య. "తప్పులు చేసుడే దాని పని. ఇంకోటి చెప్తున్న, ఆ అంకుల్‌కు గూడ చెప్పుండ్రి. ఎప్పుడు గోలీలు ఒడిసినా ఏ ఊరి సెంటర్లనైన అడగాలె. మేం ఇస్తం."

పద్మారాణికి అది రుచించలేదు. కోపం పెట్టుకోవడానికి మనిషన్నవాడు ఉండాలి. కంటికి కనపడని పురుగు మీద ఎంతసేపని కోపం పెట్టుకుంటాం? అయినా ఆ మాట ఆమెను లోపల తొలుస్తూనే ఉంది.

మూడోసారి వచ్చిన కరోనా తగ్గుముఖం పట్టిన ఫిబ్రవరిలో మళ్ళీ రక్తపరీక్ష జవాబు తీసుకోవలసిన రోజు వచ్చింది. పొద్దున్నే పద్మారాణి సెంటరుకు పట్టుకెళ్ళే టిఫిన్‌లోకి పులిహోర కలపబోతే డబ్బాలో పసుపు అయిపోయింది. దుకాణం తెరవలేదు. గొణుక్కుంటూ అటకెక్కి మంగ తెచ్చిన మూట విప్పింది. ఇల్లంతా ఊరి వాసన కమ్ముకుంది.

సెంటర్లో సంధ్య వాళ్ళను దూరంనుంచి చూసే లేచి నిలబడింది. మాస్కు వెనక నవ్వు కళ్ళలో తెలిసిపోయింది.

"లేదు ఆంటీ! రక్తంల మళ్ళ ఆచూకీ లేదు! కొత్త మందు పట్టేసింది!"

పద్మారాణి ఆ పిల్ల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ మందు కనిపెట్టినవాళ్ళు ఏ దేశంలో ఉన్నారో, ఏ భాష మాట్లాడతారో, వాళ్ళ పిల్లాపాపలు చల్లగా ఉండాలని పైకే అనేసింది. లైనులో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకుంది.

షేర్ ఆటోలో వస్తుంటే గంగారాం తనంతట తానే నోరు విప్పాడు.

"ఒక మాట చెప్పాలె. గప్పుడు చెప్తే నీ గుండె ఆగుతదని చెప్పలే."

"ఇప్పుడు మంచిగున్నది గుండె. చెప్పు."

"లాక్‌డౌన్ల మీరు లేరు. సాంచాలు బందాయె. గా సప్పుడు లేకపోతే నిద్ర రాకపోతుండె. ఎటూ సస్తం, ఇగ ఈ గోలీలెందుకనిపిచ్చింది. కొన్ని దినాలు ముట్టలే. ఒకనాడు డబ్బా తీస్కొని మోరీల పారబోద్దామని మూత తీసిన. గప్పుడే ఎంకటయ్య తలుపు కొట్టిండు. మెస్సు బందైందట, తిండికి వచ్చిండు. నా చేతిల డబ్బా చూసి గోడకు ఒరిగి ఏడ్సిండు. గది తన డబ్బానే, నాకు దొరికి తన గుట్టు తెలిసిందనుకున్నడు. గట్ల తెలిసింది, ఇద్దరిది ఒక్కటే బీమారని."

పద్మారాణి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆడు రాకపోతే సగం కాదు, ఒక్కటి గూడ ఏసుకునేటోన్ని కాదు నేను. ఆని కోసమే డబ్బా దాచిన. నా పాళీ నాడు నేను వద్దంటే గిట్ల గదమ పట్టుకొని ఏసేటోడు. ఏసి, నాలుక లేపుమనేటోడు. నువ్వు ఫస్టు కాదు."

ఆటో రైల్వే బ్రిడ్జి కింద ఆగి కదిలింది. పద్మారాణి ఒళ్ళో టిఫిన్‌ను సవరించుకుంది. తాను లేని ఇంట్లో, తాను చేయవలసిన పని, ఒక పరాయివాడు చేసిపోయాడు. వాణ్ణి పట్టుకుని సగం ప్రాణం తిన్నావంది. మిగిలిన సగం వాడు నిలబెట్టిందే.

"భయ్యా, రోకో," అంది.

"ఇల్లు ఇంకా రాలే."

"ఇంటికెవలు పోతున్నరు? జోల్వా ఆటో ఎక్కు."

జోల్వా షెడ్డులో సాంచాల హోరుకు నేల అదురుతోంది. అక్కడ గొంతుతో పనిలేదు. సాంచాల మనుషులు పెదాలు చూసి మాట అందుకుంటారు, చేత్తో జవాబిస్తారు. వరసల మధ్య నిలబడ్డ వెంకటయ్య ముందు గంగారాంను చూశాడు. పక్కన పద్మారాణిని చూడగానే అతని చేతులు ఆగిపోయాయి. ఏదో చెడ్డ కబురే అనుకున్నాడు. గంగారాం బొటనవేలు ఎత్తి చూపించాడు. వెంకటయ్యకు నమ్మకం కలగక పద్మారాణి ముఖంలోకి చూశాడు.

ఆమె దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే వచ్చింది. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో అయితే ఆ మాటలు ఆమె గొంతు దాటేవి కావు. ఇక్కడ తన మాట తనకే వినిపించదు. మాస్కు కిందికి లాగింది. అతనికి కనపడేలా పెదాలు కదిపింది.

"తమ్ముడా, తిన్నవా?"

వెంకటయ్య ఆ పెదాల వంకే చూస్తూ ఉండిపోయాడు. మొదటి మాట సరిగ్గా అందుకున్నానో లేదో అని అతని అనుమానం. ఆమె మళ్ళీ అంది, మొదటి మాట ఇంకా సాగదీసి. అతను తల అడ్డంగా ఊపాడు, తినలేదని. కళ్ళు తుడుచుకుంటూ ఒక్కొక్క సాంచానే ఆపుకుంటూ వచ్చాడు. పక్క వరసలవాళ్ళు ఏమైందని చూశారు.

షెడ్డు వెనక గోడ నీడలో ముగ్గురూ కూర్చున్నారు. గంగారాం నీళ్ళ సీసా తీశాడు. పద్మారాణి టిఫిన్ మూత తీస్తూ, "మీ చేను పసుపే," అంది. వెంకటయ్య ఏదో చెప్పబోయాడు. ఆమె అతణ్ణి చెప్పనివ్వలేదు. పులిహోర ముద్ద చేసి అతని ముఖం ముందు పెట్టింది.

"నోరు తెరువు," అంది.